గడప దాటని మాట

మన కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. పూర్వ విద్యార్థిని అనిపించుకొనే హక్కు నాకుందో లేదో నాకే సందేహం. 1988లో బి.యస్సీ.లో చేరాను. 1990 వేసవిలో రెండవ సంవత్సరం పరీక్షలు వ్రాసి, హాల్‌టిక్కెట్టు పుస్తకంలో పెట్టుకొని ఆళ్ళగడ్డ బస్సెక్కాను. అంతే. ఆ వేసవిలోనే పెళ్ళి చేశారు. మూడవ సంవత్సరం హాజరు పట్టీలో నా పేరు ఎన్నాళ్ళుంచారో, ఎప్పుడు ఎర్ర సిరాతో కొట్టేశారో తెలియదు. ఈ సంగతి చెబితే, అడగడానికి వచ్చిన కుర్రవాడు "పాసైనవాళ్ళే వ్రాయాలని రూలేం లేదు మేడమ్" అన్నాడు. సరేనన్నాను.

నేను రచయిత్రిని కాను. ఇన్నేళ్ళుగా నేను వ్రాసినవి కేసు షీట్లు, జ్వరం పట్టికలు. వాక్యాలు పొడిపొడిగా ఉంటే మన్నించండి.

మొదట మా జంతుశాస్త్రం క్లాసు సంగతి చెప్పాలి. నేను రోజూ ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో వచ్చి చదువుకొనేదాన్ని. నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి, మధ్యలో శిరివెళ్ళ. బస్సు ఆలస్యమైతే మొదటి పీరియడు పోయేది. జంతుశాస్త్రం మాత్రం ఎప్పుడూ పోనిచ్చేదాన్ని కాదు. మాస్టారు కప్పను కోసి గుండె చూపిస్తుంటే ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. అంత బాగా చెప్పే మనిషి, క్షీరదాల పాఠానికి వచ్చేసరికి తడబడ్డారు. ఆ జాతికి ఆ పేరు వచ్చిందే పాలగ్రంథుల వల్ల. ఆ భాగం రాగానే చాక్‌పీసు బల్ల మీద పెట్టి, "ఇది మీరు ఇంటి దగ్గర చదువుకోండి, పరీక్షకు ముఖ్యం కాదు" అన్నారు. వెనక బెంచీల్లో మగపిల్లలు దగ్గారు. మేము ఆరుగురు ఆడపిల్లలం తలలు వంచుకొని నోట్సు పుస్తకాల్లో ఏవో గీతలు గీసుకున్నాం. ఆయన్ని తప్పుపట్టడం లేదు. నేనూ ఆ భాగం ఇంటి దగ్గర చదవలేదు.

2001 సంక్రాంతికి తలంటి పోసుకుంటుంటే ఎడమ రొమ్ములో, పైభాగాన చంక వైపు, చింతగింజంత గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే నా కొంప ముంచింది. పల్లెల్లో మనం జబ్బును నొప్పితో కొలుస్తాం. పన్ను సలిపితే పరుగెత్తుతాం, నొప్పి లేని గడ్డను దేవుడికి వదిలేస్తాం. ఈ జబ్బులో గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదని నాలుగేళ్ళ తరువాత క్లాసులో కూర్చొని వ్రాసుకున్నాను.

అప్పుడు నాకు ముప్పై నిండబోతున్నాయి. పాప తొమ్మిదేళ్ళది, బాబుకు ఆరు. క్యాన్సర్ ముసలివాళ్ళకు వచ్చేదని నా నమ్మకం. మన దేశంలో ఈ జబ్బు పడమటి దేశాల కంటే సగటున పదేళ్ళు ముందుగానే ఆడవాళ్ళను పట్టుకుంటుందని అప్పటికి నాకెవరు చెప్పాలి?

ఇప్పుడు రొమ్ము అని తడుముకోకుండా వ్రాస్తున్నాను గానీ అప్పట్లో ఆ మాట నోట వచ్చేది కాదు. మా ఇండ్లలో ఆ చోటుకు పేరు లేదు. "ఇక్కడ" అని కొంగు మీద వేలు పెడతాం, అంతే. పేరు లేని చోట గడ్డ ఉందని ఎవరితో చెప్పను? ఇంటాయనతో చెబుదామంటే పగలంతా రాతి దుమ్ములో ఉంటాడు, రాత్రి పక్కనే అత్త మంచం. అత్తతో చెప్పాలంటే సిగ్గు. పుట్టింటికి పోయినప్పుడు అమ్మతో చెబుదామనుకొని, ఆమె బి.పి. మాత్రలు చూసి ఊరుకున్నాను. ఒకసారి నంద్యాలకు పోయి చూపించుకొందామనుకున్నాను. బస్సు ఛార్జీకి డబ్బులు అడిగితే "యాడికి? ఎందుకు?" అంటారు కదా! అక్కడితో ఆ ఆలోచన ఆగిపోయింది.

ఏడు నెలలు గడిచాయి. వినాయక చవితి నాటికి చింతగింజ నిమ్మకాయంత అయింది. పైన చర్మం లోపలికి గుంజుకొని సొట్ట పడింది. ఆ రాత్రి భయం సిగ్గును మించింది. లేపి చెప్పాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"సంక్రాంతి నుంచి."

"ఇన్నాళ్ళు ఎందుకు చెప్పల్యా?"

నేను జవాబు చెప్పలేదు. ఆయన లేచి కూర్చొని తెల్లవార్లూ బీడీలు కాల్చాడు.

ముందు ఊళ్ళో ఒక ఆర్.ఎం.పి. దగ్గరికి తీసుకుపోయారు. చీర మీది నుంచే చూసి "పాలగడ్డమ్మా, కాపడం పెట్టు" అని పూత మందిచ్చాడు. మా చిన్నవాడికి ఆరేళ్ళు, పాలెక్కడివి? అని అడగాలని తోచలేదు. మూడు వారాలు కాపడం పెట్టాను. తరువాత నంద్యాలలో ఒక లేడీ డాక్టరు పరదా లాగి, చెయ్యెత్తించి, చంకలో వేళ్ళు పెట్టి నొక్కి చూసింది. చేతులు కడుక్కుంటూ చాలాసేపు నీళ్ళు అలాగే వదిలిపెట్టింది. ఆమె కూడా ఆ మాట అనలేదు. "ఆలస్యం చెయ్యొద్దు, వేలూరు పోండి" అని ఉత్తరం వ్రాసిచ్చింది.

మేము హైస్కూల్లో ఉన్నప్పుడు, 1985లో, ఎన్.టి. రామారావు గారి భార్య బసవతారకం గారు క్యాన్సర్‌తో పోయారు. పెద్దవాళ్ళు ఆ రోజు కూడా "ఆ జబ్బంట" అన్నారే గానీ పేరెత్తలేదు. ముఖ్యమంత్రి ఇంట్లోకి వచ్చిన జబ్బుకే పేరు చెప్పుకోలేని వాళ్ళం. ఆమె పేరిట హైదరాబాదులో క్యాన్సర్ ఆసుపత్రి 2000 జూన్‌లో మొదలైంది. మాకు మాత్రం ఏ పెద్ద జబ్బుకైనా వేలూరే. ఊరి మీదుగా పోయే పెద్ద రోడ్డు పట్టుకొని దక్షిణంగా పోతే కడప, రాయచోటి, చిత్తూరు, ఆ తరువాత వేలూరు. నా గొలుసు, నాలుగు గాజులు కుదువబెట్టి బస్సెక్కాం.

వేలూరులో ఆసుపత్రి ఎదుటి సందుల్లో అన్నీ లాడ్జీలే. ఒక గది, ఒక కిరోసిన్ స్టవ్వు, రెండు గిన్నెలు. ఏ గదిలో విన్నా తెలుగో, బెంగాలీయో. మా గదిలో కిటికీ పక్కన గోడ మీద పెన్సిలు గీతలుండేవి. ఒకదాని పైన ఒకటి, నడుమెత్తు నుంచి తలకు పైదాకా. పిల్లల ఎత్తు కొలిచిన గీతలు కాబోలనుకున్నాను.

ఆపరేషన్ చేసి ఎడమ రొమ్మును, దానితోపాటు చంకలోని గ్రంథులను తీసేశారు. మూడు గ్రంథుల్లోకి జబ్బు పాకిందన్నారు. అయిదారు రోజులు గుడ్డ కప్పుకొని, కట్టు మార్చేటప్పుడు గోడ వైపు తల తిప్పుకొనేదాన్ని. చిత్తూరు వైపు తెలుగు మాట్లాడే ఒక నర్సు ఉండేది. ఆమె ఒక ఉదయం స్టూలు దగ్గరకు లాక్కొని కూర్చొని, "చూడమ్మా. ఈ పొద్దు నేనుండాను, ఏడ్చినా పట్టుకుంటా. ఇంటికి పోయినాక ఒక్కదానివే చూసుకోవల్ల" అన్నది. చూశాను. ఏడ్చాను. ఆమె ఏం చెప్పలేదు. నా కుడిచెయ్యి పట్టుకొని వాచీ చూసుకోకుండా కూర్చుంది. ఆ వార్డులో ముప్పైమందికి ఇద్దరే నర్సులు. అంతసేపు ఒక మనిషి దగ్గర కూర్చోవడం ఎంత కష్టమో నాకిప్పుడు తెలుసు.

చెయ్యి బిగుసుకుపోకుండా వేళ్ళతో గోడ ఎక్కించడం నేర్పింది కూడా ఆమే. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళను పురుగు పాకినట్లు పైపైకి పాకించాలి. ఎంత ఎత్తు పోగలిగితే అక్కడ గీత గీసుకొని, మర్నాడు దాన్ని దాటాలి. లాడ్జికి వచ్చి గోడ చూసి నిలబడిపోయాను. ఆ గీతలు పిల్లలవి కావు. నాకు ముందు ఆ గదిలో ఉండిపోయిన ఆడవాళ్ళవి. వాళ్ళ గీతల పక్కన నావీ గీశాను. పన్నెండు రోజులకు నా చెయ్యి తల దాటింది.

ఆ ఆసుపత్రి కథ అక్కడ అందరికీ తెలుసు. ఐడా స్కడర్ అనే అమెరికా పిల్ల, డాక్టరు కావాలనే ఉద్దేశమే లేక, తల్లిదండ్రుల్ని చూసి పోదామని వచ్చింది. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వచ్చి కాన్పు కష్టమైన తమ భార్యల్ని చూడమని ఆమెను అడిగారట. వాళ్ళ నాన్న డాక్టరే, ఆయన వస్తానన్నాడు. మగ డాక్టరు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. ఆమె తిరిగిపోయి 1899లో డాక్టరై, 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1909లో నర్సుల బడి పెట్టింది. 1946లో అక్కడే నర్సింగ్ కళాశాల వచ్చింది. ఈ కథలో అందరూ ఆమె త్యాగం గురించి చెబుతారు. నాకు మాత్రం ఆ ముగ్గురు ఆడవాళ్ళే గుర్తొస్తారు. వాళ్ళను చంపింది కాన్పు ఒక్కటే కాదు. నూరేళ్ళు దాటాక నన్ను ఏడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టింది కూడా అదే.

తరువాత మూడు వారాలకు ఒకసారి, ఆరుసార్లు మందు ఎక్కించుకోవడానికి పోయివచ్చాం. మూడు మందులు కలిపిచ్చేవాళ్ళు. అందులో ఒకటి పచ్చగా, పసుపు నీళ్ళలాగా ఉండేది. దాని పేరు మెథోట్రెక్సేట్. అది ఒంట్లోకి దిగుతుంటే నోరంతా పూసి, అన్నం మెతుకు కూడా మంట పెట్టేది. దాన్ని తిట్టుకోని రోజు లేదు. ఆ మందు వెనక ఉన్నది భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారని, అమెరికాలో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో ఆయన బృందమే దాన్ని తయారుచేసిందని నర్సింగ్ చదివేటప్పుడు ఫార్మకాలజీ క్లాసులో తెలిసింది. తన మందు ఎంత దూరం పోతుందో చూడకుండానే 1948లో ఆయన పోయారు. ఆ మందును మరో రెండింటితో కలిపి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తరువాత ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని ఇటలీలో బోనడొన్నా అనే డాక్టరు 1976లో ప్రకటించాడు. నాకు పడింది ఆ కలగలుపు మందే. క్లాసులో పిల్లలంతా ఆయన పేరు నోట్సులో దించుకుంటుంటే నేను లోపల్లోపల తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఆ తరువాత టామాక్సిఫెన్ అనే మాత్ర, రోజుకొకటి, అయిదేళ్ళు. ముప్పై ఒక్క ఏటికే ఒంట్లో ఆవిర్లు మొదలైనాయి. పొయ్యి దగ్గర ఉన్నానో లేదో తెలియకుండా చెమటలు.

ఇంటికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. మా ఇల్లు శిల్పుల ఇల్లు. ఆళ్ళగడ్డ అంటే తెలిసినవాళ్ళకు మొదట గుర్తొచ్చేది శిల్పాలే. ఉలి చప్పుడు మా పిల్లలకు జోలపాట. షెడ్డు వెనక కంచె పక్కన పనికిరాని విగ్రహాలు పడి ఉంటాయి. ముక్కు పోయినవి, వేలు విరిగినవి, పని సగమయ్యాక రాయిలో పగులు బయటపడినవి. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. అది మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన శాస్త్రం. ఒక మధ్యాహ్నం నేను లోపల పడుకొని ఉండగా వాకిట్లో అత్త ఎవరితోనో "భిన్నమైపాయ కదమ్మా, ఏం జేస్తాం" అనింది. ఏదైనా విగ్రహం గురించో, నా గురించో తెలియదు. అడగలేదు. ఆమె 2016లో పోయింది. చివరి నాలుగు నెలలు మంచం మీదే ఉంది. నీళ్ళు పోసింది, పుండ్లు పడకుండా పక్కకు తిప్పింది, గంజి తాగించింది నేనే. అప్పుడు కూడా అడగలేకపోయాను. ఒకరోజు తనకై తానే నా ఎడమ భుజం మీద చెయ్యేసి కొంతసేపు ఉంచింది. అదొక జవాబు అని నేను అనుకోవచ్చు, అనుకోకపోవచ్చు.

మా ఆయన మాటలు తక్కువ మనిషి. ఆ రోజుల్లోనే ఒకనాడు ముక్కు పగిలిన నాలుగడుగుల అమ్మవారిని కంచె దగ్గర నుంచి దొర్లించి తెచ్చి, సుద్దతో కొత్త గీతలు గీశాడు. "ఏం చేస్తావు?" అంటే "రెండున్నర అడుగుల వినాయకుడొస్తాడు" అన్నాడు. సినిమాలో అయితే అది నన్ను ఓదార్చడానికి అన్న మాట అయ్యేది. అది కాదు. రాయి ఖరీదు, బండి బాడుగ ఆయన లెక్క. అయినా ఆ వినాయకుడు అమ్ముడుపోయే దాకా రోజూ పోయి చూసి వచ్చేదాన్ని.

కొంగు కింద పెట్టుకోవడానికి పత్తి కుట్టుకున్నాను. మా వైపు పత్తికి కొదవ లేదు. తేలికగా ఉంటే పైకి జరుగుతుందని, బరువుకు లోపల గుప్పెడు జొన్నలు పోశాను. వానాకాలంలో అవి మొలకెత్తాయి. నవ్వకండి. లేక నవ్వండి, నేనూ ఆ రోజు నవ్వాను. జబ్బు వచ్చిన తరువాత అదే మొదటి నవ్వు.

నర్సింగ్ ఎందుకు చదివావని అడిగితే సేవాభావం అని చెప్పవచ్చు. పత్రికలో అచ్చయితే బాగుంటుంది కూడా. నిజానికి మొదటి కారణం అప్పు. వైద్యానికి చేసిన బాకీ మూడేళ్ళయినా తీరలేదు. రెండవ కారణం స్టూలు మీద కూర్చున్న ఆ నర్సు. 2005 వేసవిలో పేపరులో జి.ఎన్.ఎం. కోర్సు ప్రకటన చూశాను. మూడున్నరేళ్ళ చదువు, ఇంటర్మీడియట్ చాలు. వయసు పదిహేడు నుంచి ముప్పై అయిదు లోపు. ఆ ఏటి లెక్కకు నాకు ముప్పై నాలుగు. మరుసటి ఫిబ్రవరిలో ముప్పై అయిదు నిండుతాయి. ఆ ఏడు తప్పితే తలుపు మూసుకున్నట్లే.

"పాప పదిలోకొస్తాంది, నువ్వు బడికి పోతావా?" అనింది అత్త. మా ఆయన ఒక రోజంతా ఏం మాట్లాడక, మర్నాడు ఫీజు ఎంతో కనుక్కొని వచ్చాడు.

దరఖాస్తుతో పాటు ఆరోగ్యంగా ఉన్నట్లు డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. ఎత్తు, బరువు చూశారు. బి.పి.కి కుడిచెయ్యి చాచాను. గ్రంథులు తీసిన వైపు చేతికి బి.పి. పట్టీ కట్టించుకోకూడదు, సూది వేయించుకోకూడదు. అదేదో మామూలుగా చాచినట్లే చాచాను. పెద్ద జబ్బులేమైనా వచ్చాయా అని ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. అడగలేదు కాబట్టి అబద్ధం కాదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను.

క్లాసులో అందరూ పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లలు. మొదటి వారం "ఆంటీ" అన్నారు. తరువాత "అక్కా" అయ్యాను. మంచం దుప్పటి మూలలు మడవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. లాటిన్ పేర్లలో మాత్రం వాళ్ళే నాకు గురువులు. రాత్రి ఇంట్లో ఒకే దీపం కింద మా పాప తన బయాలజీ, నేను నా అనాటమీ. ఉదయం అదే ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల బస్సు. పదిహేనేళ్ళు గడిచినా శిరివెళ్ళ దగ్గర బస్సు ఆగితే పల్లీలమ్మే కేక మారలేదు. బి.పి. చూడటం ఒకరి మీద ఒకరం నేర్చుకొనేవాళ్ళం. నేను ఎప్పుడూ కుడిచెయ్యే చాచేదాన్ని. రోగిని ఎత్తేటప్పుడు బరువు కుడివైపు తీసుకొనేదాన్ని. ఆవిర్లు వచ్చి చెమటలు పడితే ఫ్యాను కింద బెంచీ అడిగేదాన్ని. రొమ్ము క్యాన్సర్ పాఠం చెప్పిన రోజు మా ట్యూటరు పటం తగిలించి అన్నీ విడమరిచి చెప్పింది. పిల్లలు నోళ్ళకు చేతులడ్డం పెట్టుకొని నవ్వుకున్నారు. నేను నాలుగో బెంచీలో కూర్చొని, పాతికేళ్ళ నాటికి తెలియాల్సిన విషయాలు ముప్పై ఆరో ఏట నోట్సు వ్రాసుకున్నాను. మాట్లాడలేదు. మా జంతుశాస్త్రం మాస్టారు గుర్తొచ్చారు. ఆయన చాక్‌పీసు పెట్టేశారు, నేను నోరు మూసుకున్నాను. తేడా ఏముంది?

2008లో సర్జికల్ వార్డు డ్యూటీలో ఉండగా శిరివెళ్ళ వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. వయసు నలభై అయిదు ఉంటుంది. మూల మంచం, చుట్టూ పరదా. పుండు పగిలి వాసన వస్తోంది. చిన్నపిల్లలు కట్టు కట్టడానికి పోయి కళ్ళనీళ్ళతో బయటికి వచ్చేవాళ్ళు. వాళ్ళ తప్పు లేదు. నేను పోయేదాన్ని. ఆ ఏడాదికి ఆరోగ్యశ్రీ రాష్ట్రమంతా వచ్చింది. క్యాన్సర్ ఆపరేషన్లు, మందులు పేదవాళ్ళకు ఉచితం. ఆమె రెండేళ్ళు ఆగింది డబ్బు లేక కాదు.

మూడో రోజో నాలుగో రోజో కట్టు కడుతూ "ఇంకొంచెం ముందొచ్చింటే బాగుండేది కదమ్మా" అన్నాను. నర్సులు అందరూ అనే మాటే అది. ఆమె నా వైపు చూసి, "నీకేం తెలుసులే పాపా. ఎవురికి చెప్పాల?" అనింది.

పరదా వేసే ఉంది. నేను చేతి తొడుగులు తీసి, ఆమె చెయ్యి పట్టుకొని నా యూనిఫాం మీద, ఎడమ వైపు పెట్టాను. అక్కడ పత్తి తగిలింది. ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఎన్నేండ్లాయ?"

"ఏడు."

"పిల్లోల్లు?"

"ఇద్దరు."

చెయ్యి అలాగే ఉంచింది. తరువాత అనింది: "మా ఊరు మీదనే కదా బస్సులో పోతాంటావు. ఒక్కనాడు దిగి చెప్పింటే కాదా?"

ఆమె మరుసటి ఏడు పోయింది. ఆమె మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మూడేళ్ళుగా రోజుకు రెండుసార్లు ఆ ఊరి మీదుగా పోయాను. నేను దిగి చెప్పి ఉంటే ఆమె బతికేదని అనను. లెక్క అంత తేలిక కాదని చదువుకున్నదాన్ని. కానీ నేను దాచుకున్నది సర్టిఫికెట్ కోసమే కాదని, పాత సిగ్గే వేరే రూపంలో నాలో ఉందని ఆ రోజు అర్థమైంది. ఆ వారంలోనే ట్యూటరుకు చెప్పాను. కోర్సు నుంచి తీసేస్తారేమోనని భయపడ్డాను. ఆమె చాలాసేపు నా ముఖం చూసి, "మళ్ళీ ఆ పాఠం నువ్వే చెప్పు" అనింది. చెప్పాను. ఎవరూ నవ్వలేదు. క్లాసయ్యాక ఒక పిల్ల నా వెంట బాత్రూము దాకా వచ్చి, వాళ్ళమ్మ గురించి అడిగింది.

2009 నుంచి నంద్యాలలో ఒక నర్సింగ్ హోంలో, 2014 నుంచి ఆళ్ళగడ్డలో పనిచేస్తున్నాను. సెలవు రోజుల్లో ఆశా కార్యకర్తలతో కలిసి పల్లెలకు పోతుంటాను. చదువుకున్న మీకు ఒకటి రెండు సంగతులు చెప్పాలి. మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో ఇప్పుడు ఇదే మొదటిది. స్త్రీలు తమను తాము తడిమి చూసుకుంటే చాలని చాలా ఏళ్ళు ప్రచారం చేశారు. షాంఘైలో రెండున్నర లక్షలమందికి పైగా ఆడవాళ్ళ మీద చేసిన పరిశీలనలో, అది ఒక్కటే నేర్పినంత మాత్రాన చావులు తగ్గలేదని 2002లో తేలింది. అది చదివి నాకు కొన్నాళ్ళు చెయ్యాడలేదు. తరువాత బొంబాయిలో టాటా ఆసుపత్రి వాళ్ళు 1998 నుంచి లక్షన్నరమంది మీద చేసిన పని ఫలితాలు 2021లో వచ్చాయి. యంత్రాలు లేవు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలే, ఆడవాళ్ళే, రెండేళ్ళకొకసారి చేత్తో పరీక్ష చేశారు. యాభై దాటినవాళ్ళలో చావులు దాదాపు ముప్పై శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్ళలో మాత్రం అంత మేలు కనిపించలేదు, నా వయసువాళ్ళకు అది చేదు మాటే. అయినా ఒక ఆడమనిషి మరో ఆడమనిషి గడపలోకి పోయి చెయ్యేసి చూస్తే కొందరు బతుకుతారని లెక్క తేలింది. ముప్పై దాటిన ప్రతి స్త్రీకి ఇలా పరీక్ష చేయాలని ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. కాగితం మీద ఉన్నది ఎన్ని గడపలు దాటిందో ఊళ్ళలో తిరిగేవాళ్ళకు తెలుసు.

నంద్యాల 2022లో జిల్లా అయింది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. మేము చదువుకొనే రోజుల్లో ఇవి కలలో కూడా లేవు. ఆసుపత్రులు దగ్గరికొచ్చాయి. నోటికీ చెవికీ మధ్య దూరమే అలాగే ఉంది.

మా అమ్మాయికి ఇప్పుడు ముప్పై దాటాయి. తల్లికి చిన్న వయసులో వచ్చింది కాబట్టి తను జాగ్రత్తగా ఉండాలి. ఏటేటా పరీక్ష చేయించుకుంటుంది. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో తరతరాలకూ వస్తుందో లేదో చెప్పే రక్తపరీక్ష ఉంది. నేను చేయించుకుంటే తనకూ సంగతి తెలుస్తుంది. "తెలిసి ఏం చేస్తావమ్మా?" అంటుంది ఒకరోజు. "చేయించుకో, నేను వినగలను" అంటుంది మరొకరోజు. ఇంకా ఏదీ తేల్చుకోలేదు. ఇంతమందికి ధైర్యం చెప్పేదాన్ని, ఈ ఒక్క కాగితం మీద సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

ఈ వ్యాసం సగం వ్రాసి పక్కన పెట్టిన రోజే నంద్యాలలో పనుండి పోయాను. 2025 ఆగస్టులో ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితం చేశాక మా దారిలో బస్సులన్నీ కిక్కిరిసి ఉంటున్నాయి. కొందరు విసుక్కుంటున్నారు. నాకు మాత్రం బస్సు ఛార్జీకి కారణం చెప్పుకోలేక ఆగిపోయిన ఆ నెలలే గుర్తొస్తాయి. తిరుగు బస్సులో శిరివెళ్ళ ఇంకా రాకముందు పక్కన కూర్చున్న ఒకామె, పాతికేళ్ళ పిల్లే, నా సంచిలో యూనిఫాం చూసినట్లుంది.

"సిస్టరా అక్కా నువ్వు?"

"అవునమ్మా."

కిటికీ వైపు తిరిగింది. రెండు ఊళ్ళు దాటాయి. మళ్ళీ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అక్కా, ఒక మాట అడగాల" అనింది. అని, కొంగు మీద వేలు పెట్టింది.

శిరివెళ్ళలో ఆమెతో పాటు నేనూ దిగాను.